డోరేమాన్: క్యాలెండర్ బాగానే తిరుగుతుంది, గడియారమే ఆగిపోయింది

మా ఇంట్లో డోరేమాన్ లేకుండా ముద్ద దిగదు. జపాన్ కార్టూన్ అది: నోబితా అనే బడిపిల్లాడికి సాయం చేయడానికి భవిష్యత్తు నుంచి వచ్చిన రోబో పిల్లి పేరు డోరేమాన్. పాప ఒకటో తరగతిలో ఉన్నప్పుడు మొదలైంది ఈ వ్యవహారం, ఇప్పుడు నాలుగు పూర్తిచేసి ఐదులోకి వచ్చింది, అంటే నాలుగేళ్ళుగా రోజుకు రెండు పూటలా ఆ నీలం పిల్లి నా ఎదురుగానే ఉంది. మిక్సీ రెండు నెలలు వాడి రివ్యూ రాసినదాన్ని, దీనికి రాయకపోతే ఎలా అనిపించింది. నోబితా సోమరిపోతు, పిల్లలు వాణ్ణి చూసి చెడిపోతారు, వాడి తోటి పిల్లాడు జియాన్ అస్తమానం కొడతాడు, ఇవన్నీ అందరూ రాసేశారు కాబట్టి వాటి జోలికి పోను. ఇందులో కాలం ఎలా నడుస్తుందో, ఆ ఒక్కదాని గురించే రాస్తాను.

ప్రశ్న నిజానికి నాది కాదు, పాపది. మే నెల, విశాఖ ఉక్కపోత, ఫ్యాన్ తిరుగుతున్నా జాకెట్టు ఒంటికి అతుక్కుపోయే మధ్యాహ్నం. టీవీలో మంచు పడుతోంది, నోబితా వాళ్ళు మంచుబొమ్మ చేస్తున్నారు. అది అవ్వగానే వేసిన ఎపిసోడ్‌లో వాడే చేతుల్లేని బనీను వేసుకుని పుచ్చకాయ తింటున్నాడు. "అమ్మా, పది నిమిషాల కింద చలికాలం కదా? పైగా వీడింకా ఐదోక్లాసేంటి, నేను ఒకటో క్లాసులో ఉన్నప్పుడు కూడా ఐదే!" అంది. నేను పెద్ద తెలిసినట్టు "కార్టూన్ కదా, అంతేలే" అనేసి తప్పించుకున్నాను గానీ, ఆ తర్వాత కూచుని కాస్త తవ్వితే తెలిసింది, అది "అంతేలే" అని వదిలేసే సంగతి కాదని.

ముందు ఋతువుల సంగతి. నోబితా ఇల్లు టోక్యోలో నెరిమా అనే వార్డులో ఉంటుంది. కాబట్టి వాడి ఏడాది టోక్యో ఏడాది. జనవరి 1 వాళ్ళకి పెద్ద పండగ: పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు, చెక్క బ్యాట్లతో ఆడి ఓడినవాళ్ళ మొహానికి నల్లసిరా పూస్తారు, పెద్దవాళ్ళు చిన్న కవర్లో డబ్బులు పెట్టి ఇస్తారు. గాలిపటాలు చూడగానే పాప "సంక్రాంతి ఎపిసోడ్!" అని అరిచింది, పెద్ద తప్పేం కాదు కూడా, నెల అదే. మార్చి 3న ఆడపిల్లలున్న ఇళ్ళల్లో ఎర్రగుడ్డ పరిచిన మెట్లమీద రాజు, రాణి, పరివారం బొమ్మలు పేరుస్తారు. మన బొమ్మల కొలువే, నెల మారిందంతే. కానీ బాణాసంచా వచ్చేసరికి మాత్రం ఇద్దరం పప్పులో కాలేశాం. దీపావళి లాంటిదేదో అనుకున్నాం, తీరా చూస్తే వాళ్ళకి ఆకాశంలో కాల్చే బాణాసంచా నడి వేసవిలో. పల్చటి కాటన్ కిమోనోలు కట్టుకుని నది ఒడ్డుకు వెళ్ళి చూస్తారట. అది తెలిశాక పాత ఎపిసోడ్లు వెనక్కి తిప్పి చూస్తే నిజమే, అందరి చేతుల్లో విసనకర్రలు, వెనకాల పురుగుల రొద. చెవులు చిల్లులు పడేలా అరిచే ఆ పురుగుల మోత వినపడిందంటే ఎండాకాలం అని లెక్క, ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు.

వానాకాలం నాకు బాగా నచ్చింది. జూన్ మొదట్లో మొదలై ఓ నెలకు పైగా ముసురు పడుతుంది వాళ్ళకి. పిల్లలు తెల్లగుడ్డతో బోడిగుండు బొమ్మ చేసి, రేపు ఎండ కాయాలి అని కిటికీకి వేలాడదీస్తారు. మన పల్లెల్లో వాన రాకపోతే కప్పలకు పెళ్ళి చేసి ఊరేగిస్తాం, వాళ్ళేమో వచ్చిన వాన పొమ్మని బొమ్మకు దండం పెడతారు. ఎవరి బాధ వారిది.

ఇక వేసవి సెలవులు. ఇక్కడ మన పిల్లలకు అసలు గందరగోళం. మనకి ఏప్రిల్ ఆఖర్లో బడి మూసి జూన్ 12కి తెరుస్తారు, పైగా సంవత్సరం అయిపోయి ఇచ్చే సెలవులవి, మనసులో ఏ బరువూ ఉండదు. జపాన్‌లో బడి ఏప్రిల్‌లో మొదలవుతుంది, సెలవులు జూలై ఇరవై ఆ ప్రాంతంలో ఇస్తారు, ఆగస్టు ఆఖరుదాకా. అంటే చదువు మధ్యలో ఇచ్చే సెలవులు, అందుకే అంత హోంవర్క్. లెక్కల పుస్తకం, సొంతంగా ఏదో ఒక పరిశోధన, రోజుకో బొమ్మ గీసి కింద రాయాల్సిన డైరీ. ఆ డైరీలో ప్రతి పేజీకి ఆరోజు వాతావరణం కూడా రాయాలి, కిటుకంతా అక్కడే ఉంది. ఆగస్టు 31 రాత్రి కూచుని నలభై రోజుల డైరీ ఒకేసారి రాసే పిల్లాడికి ఏం తిన్నాం, ఎక్కడికెళ్ళాం అనేది కల్పించుకోవచ్చు గానీ, జూలై 26న వాన పడిందో ఎండ కాసిందో ఎక్కణ్ణుంచి తెస్తాడు? నోబితా ఏడుపు ఇప్పుడు అర్థమైంది నాకు. ఇన్నాళ్ళూ వీడికెందుకింత టెన్షన్, సెలవులేగా అనుకున్నాను.

సెప్టెంబర్ అంటే పున్నమి చంద్రుడు, కుండీలో రెల్లు పూలలాంటి తెల్లటి కంకులు, పక్కన పళ్ళెంలో పిండి ఉండలు. మనకీ శరత్కాలంలోనే ఏటిగట్లమీద రెల్లు పూస్తుంది కదా, దసరా సెలవుల్లో ఊరెళ్తుంటే రైలు కిటికీలోంచి చూపించి "అదిగో నోబితా వాళ్ళ గడ్డి" అన్నాను. పాప ఒప్పుకోలేదనుకోండి.

సెప్టెంబరే వాళ్ళకి తుఫాన్ల నెల కూడా. దీనిమీద ఒక కథ ఉంది, నా మటుకు ఈ కార్టూన్ మొత్తంలో మొదటి మూడింట్లో ఒకటి. నోబితా ఒక గుడ్డు పొదిగితే అందులోంచి బుల్లి తుఫాను పుడుతుంది. దానికి పేరు పెడతాడు, వేడిగాలి పెట్టి పెంచుతాడు, ఇల్లంతా తిరిగి వస్తువులు పడేస్తుంటే వాళ్ళమ్మ దగ్గర చివాట్లు తింటాడు. చివరికి నిజం తుఫాను వచ్చి ఇల్లు ఎగిరిపోయే పరిస్థితి వచ్చినప్పుడు ఈ బుల్లి తుఫాను బయటికెళ్ళి దాన్ని ఢీకొని, అదీ పోతుంది, ఇదీ పోతుంది. వేడి తిని పెరగడం అనేది సరదాకి పెట్టింది కాదు, అసలు తుఫాన్లు బలపడేది వెచ్చటి సముద్రపు నీటి మీదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేం ఇక్కడే ఉన్నాం, బాత్రూంలో దూరి తలుపు పట్టుకుని కూచున్నాం. ఆ రోజు తర్వాత తుఫానుని చూసి జాలి పడతానని ఎవరన్నా అంటే నమ్మేదాన్ని కాదు. ఈ కథ చూసి ముక్కు చీదుకున్నాను.

కాబట్టి ఋతువులకు నా మార్కులు అయిదుకి నాలుగున్నర. మన హైదరాబాదులోనే తయారయ్యే ఛోటా భీమ్ కూడా మా ఇంట్లో నడిచింది, ఢోలక్‌పూర్‌లో పండగలు వస్తాయి గానీ నాకెప్పుడూ అక్కడ ఒకటే ఎండ, ఒకటే పచ్చదనం కనిపించింది. మన పుస్తకాల్లో ఋతువులు ఆరు, విశాఖలో తేలేవి రెండున్నర, మన కార్టూన్‌లో ఒకటి. ఇది నా గొణుగుడు, ఎవరూ మనసులో పెట్టుకోకండి.

ఇప్పుడు గడియారం దగ్గరికి వద్దాం. ఏప్రిల్‌లో చెర్రీ పూలు పూస్తాయి, కొత్త తరగతి మొదలవ్వాలి, కానీ నోబితా అదే క్లాసులో, అదే బెంచీలో, అదే సున్నా మార్కుల కాగితంతో ఉంటాడు. ఆగస్టు 7న పుట్టినరోజు వస్తుంది, కేకు కోస్తారు, వయసు మాత్రం పెరగదు. జపాన్‌లో ఈ రకం కాలానికి ఏకంగా ఒక పేరే ఉంది: సజాయే-సాన్ కాలం. 1969 అక్టోబర్ నుంచి ఆదివారం సాయంత్రాలు వస్తున్న ఇంకో కుటుంబం కార్టూన్ పేరు అది, అందులోనూ ఇంతే, పండగలన్నీ వస్తాయి, ఎవరికీ ఒక్క వెంట్రుక నెరవదు.

ఎందుకిలా అని వెతికితే దొరికిన సమాధానం నాకు భలే నచ్చింది. డోరేమాన్ ముందు బొమ్మల కథగా వచ్చింది, 1970 జనవరి సంచికలతో. అది కూడా పెద్దవాళ్ళ పత్రికలో కాదు. షోగాకుకాన్ అనే ప్రచురణ సంస్థ తరగతికో పత్రిక వేసేది, ఒకటో తరగతి పిల్లలకు ఒకటి, రెండుకి ఒకటి, అలా. బడిలో చేరని పిల్లల పత్రికల నుంచి నాలుగో తరగతి పత్రిక దాకా ఆరింట్లో ఒకేసారి మొదలుపెట్టారు, రచయిత ఫుజికో ఎఫ్. ఫుజియో ఒక్కో వయసుకి ఒక్కో కథ గీసేవాడు. ఇప్పుడు ఆలోచించండి. నాలుగో తరగతి పత్రిక ఎప్పుడూ నాలుగో తరగతిలోనే ఉంటుంది. చదివే పిల్లలు ఏప్రిల్ రాగానే పైకి వెళ్ళిపోతారు, కింది క్లాసు పిల్లలు వచ్చి ఆ చోటులో కూచుంటారు. మా ఊరి బడిలో నలభై ఏళ్ళుగా మూడో తరగతి చెప్పిన మాస్టారు ఉండేవారు, ఆయనకి ఎప్పుడూ ఎదురుగా ఎనిమిదేళ్ళ పిల్లలే. నోబితా అలాంటి మాస్టారన్నమాట, చదువు రాకపోవడం ఒక్కటే తేడా. నెలవారీ పత్రిక కాబట్టి ఏ నెలకా నెల కథ ఉండాలి, తరగతి పత్రిక కాబట్టి తరగతి మారకూడదు. ఋతువులు తిరిగి వయసు ఆగిపోవడానికి కారణం ఇంతే, తత్వం గిత్వం ఏమీ లేదు.

తొలి కథ కూడా కొత్త సంవత్సరం రోజే జరుగుతుంది. నోబితా పండగపూట గదిలో హాయిగా కూచుని ఉంటే బల్ల సొరుగులోంచి డోరేమాన్ ఊడిపడతాడు. జనవరి సంచిక కదా మరి.

ఇంకా బాగుండేది ఇది. 1974లో మూడో తరగతి పత్రిక మార్చి సంచికలో డోరేమాన్ భవిష్యత్తుకి తిరిగి వెళ్ళిపోవాల్సి వస్తుంది, నోబితా ఒంటరిగా జియాన్‌తో తలపడి ఒళ్ళంతా దెబ్బలతో గెలుస్తాడు, పొద్దున లేచేసరికి గది ఖాళీ. మార్చి అంటే వాళ్ళకి చదువు ముగిసి వీడ్కోలు చెప్పుకునే నెల. తర్వాతి నెల, ఏప్రిల్ సంచికలో డోరేమాన్ తిరిగొస్తాడు, కానీ అది నాలుగో తరగతి పత్రికలో! మూడులో ఏడ్చిన పిల్లలు నాలుగులోకి వచ్చి అక్కడ వాణ్ణి కలుసుకున్నారు. తిరిగొచ్చే విధానం కూడా నెలకి తగ్గట్టే, ఏప్రిల్ ఒకటి. జియాన్ ఫూల్ చేయడానికి "డోరేమాన్ వచ్చేశాడ్రా" అని అబద్ధం చెప్తాడు, నోబితా నమ్మి పరిగెత్తి వెళ్ళి భంగపడతాడు. డోరేమాన్ వదిలి వెళ్ళిన మందు తాగితే అన్నమాటకి రివర్సు జరుగుతుంది. ఆ మందు ప్రభావం ఇంకా ఉండగానే "డోరేమాన్ ఇక రాడు" అని నోరు జారతాడు. ఇంక చెప్పేదేముంది.

ఈ రెండు కథలకీ ప్రాణం ఆ మార్చి, ఏప్రిల్ నెలలే. మరి మేం చూసే ఛానల్ ఏం చేసింది? వెళ్ళిపోయేది ఒక అక్టోబర్‌లో వేసి, ఆ మర్నాడే డోరేమాన్ ఏమీ ఎరగనట్టు నోబితా గదిలో కూచుని తీపి రొట్టె తింటున్న మామూలు ఎపిసోడ్ వేసింది. తిరిగొచ్చే కథ పదిహేను రోజుల తర్వాతెప్పుడో వచ్చింది. పాప ఆ రాత్రి ఏడ్చిన ఏడుపు వృథా. మంచు ఎపిసోడ్లు మేలో, సెలవుల హోంవర్క్ డిసెంబర్‌లో, ఒకే వారంలో మూడుసార్లు అదే ఎపిసోడ్. జపాన్‌లో వారానికోసారి, బయట ఏ కాలమైతే లోపలా అదే కాలం వచ్చేలా వేస్తారు, సెప్టెంబర్ 3 డోరేమాన్ పుట్టినరోజు కాబట్టి ఆ దగ్గర్లో స్పెషల్ వేస్తారు. సినిమాలు కూడా 1980 నుంచి మామూలుగా మార్చిలోనే, వసంతం సెలవులకు. 2020లో కోవిడ్ వల్ల ఆగస్టుకి జరిగింది, ఆ మరుసటేడు సినిమానే రాలేదు. మన దగ్గర క్యాలెండర్‌ని చింపి, కలిపి, పేకముక్కల్లా పంచుతున్నారు. తెలుగు డబ్బింగ్‌కి వంక పెట్టను, గొంతులు బాగా కుదిరాయి. ఎపిసోడ్ల వరసకి మాత్రం ఒక్క స్టారు, అది కూడా సున్నా ఇచ్చే వీల్లేదు కాబట్టి.

వయసు ఆపేయడంలో వచ్చే చిక్కులు కూడా చెప్పాలి. పాత బొమ్మల కథలో నోబితా పుట్టింది 1964 ఆగస్టు 7న. ఆ లెక్కన ఈపాటికి అరవై దాటాలి, రిటైరై పెన్షన్ కాగితాల కోసం తిరుగుతుండాలి. వాళ్ళ నాన్న చిన్నప్పటి కథ ఒకటుంది, యుద్ధం రోజులవి, 1945. పట్నంలో బాంబుల భయానికి పిల్లల్ని పల్లెలకు పంపేసి పొలం పనులు చేయించిన రోజుల్లో, ఆకలితో ఉన్న ఆ కుర్రాడికి తెల్ల లిల్లీపువ్వులాంటి ఒక అమ్మాయి చాక్లెట్ ఇస్తుంది. ఆ అమ్మాయి ఎవరో చెప్పను, చూడండి, నవ్వు ఆగదు. 1970ల్లో పదేళ్ళ పిల్లాడి నాన్నకి యుద్ధం గుర్తుండటం సహజం. ఇప్పటి ఐదో తరగతి పిల్లాడి నాన్నకి ఎలా ఉంటుంది? వర్తమానాన్ని తోసుకుంటూ పోతే గతం కూడా వెనకాలే జరగాలి, అది జరగదు. ఖాళీ స్థలంలో ఉండే ఆ మూడు సిమెంటు పైపులూ అంతే, అవి టోక్యో అంతా తవ్వి కడుతున్న రోజుల నాటివి. మాకు అది వింతగా అనిపించలేదు ఎందుకంటే మా వీధి చివర డ్రైనేజీ పైపులు రెండేళ్ళుగా అలాగే పడున్నాయి, పిల్లలు వాటి మీదే కూచుంటారు.

భవిష్యత్తుది ఇంకో తమాషా. డోరేమాన్ పుట్టేది 2112 సెప్టెంబర్ 3. ఆ తేదీ రాయిమీద గీత. కథ మొదలైనప్పుడు అది 142 ఏళ్ళ దూరం, ఇప్పుడు తొంభై కూడా లేదు. డోరేమాన్‌ని పంపేది నోబితా మునిమనవడి కొడుకు. నోబితా కదలకుండా పదేళ్ళ దగ్గరే కూచుంటే మధ్యలో ఇన్ని తరాలు పుట్టడానికి టైము ఏడాదికేడాది తగ్గిపోతోంది. పిల్లి ఎత్తు 129.3 సెంటీమీటర్లు కూడా అలాంటిదే, కథ వచ్చిన రోజుల్లో నాలుగో తరగతి పిల్లల సగటు ఎత్తు అని పెట్టిన అంకె అది. మా పాప నాలుగులోనే దాన్ని దాటేసింది, తలుపు మీద గీత గీసి మరీ చూపించింది.

ఇన్ని లొసుగులున్నా గడియారానికి మూడు స్టార్లు ఇస్తున్నానంటే ఒక్క ఎపిసోడ్ వల్ల. నోబితా నాన్నమ్మ వాడు బడిలో చేరకముందే పోయింది. ఎవరికీ వయసు రాని ఈ లోకంలో చావు మాత్రం ఉందన్నమాట. పాత ఎలుగుబంటి బొమ్మ దొరికితే నాన్నమ్మ గుర్తొచ్చి, టైం మెషీన్‌లో వెనక్కి వెళ్తాడు. ఐదో తరగతి పిల్లాడు వచ్చి నేను నోబితాని అంటే ఆవిడ నమ్ముతుందా? అలాగే అనిపించింది అంటుంది, అంతే. మనవడు బడికి వెళ్ళడం చూడాలని ఉంది అంటే వాడు పరుగున వెనక్కొచ్చి పుస్తకాల సంచీ భుజాన వేసుకుని మళ్ళీ వెళ్ళి చూపిస్తాడు. ఆవిడ సంతోషించి, ఇక వాడి పెళ్ళాన్ని కూడా చూడాలనుంది అంటుంది. మా అత్తయ్య రోజూ "ఆ పిల్లి బొమ్మ కట్టెయ్యండే, వార్తలు పెట్టండి" అని సతాయించే మనిషి, ఆ రోజు వక్కపలుకు నోట్లో అలాగే పెట్టుకుని చివరిదాకా చూసింది. అయ్యాక "ముసల్దానికి ఆశ ఎక్కువే" అని లేచి వంటింట్లోకి పోయింది. కాలం ఆగిపోయిన కథలో కూడా వెనక్కి చూస్తే పోయినవాళ్ళున్నారు, ముందుకు చూస్తే స్నేహితురాలు షిజుకాతో పెళ్ళి ఉంది, మధ్యలో వీడొక్కడే ఏడాది చుట్టూ తిరుగుతున్నాడు. ఇది లొసుగా, కావాలని చేసిందా అంటే రెండూ అనే నేననుకుంటున్నాను.

కొనాలా వద్దా అని అడగడానికి ఇది మిక్సీ కాదు గానీ, చూడబోయేవాళ్ళకి ఒక మాట. ఛానల్‌లో వచ్చింది వచ్చినట్టు చూస్తే సగమే అందుతుంది. పిల్లలతో కూచుని ఇది ఏ నెల, ఎలా తెలిసింది అని అడుగుతూ చూడండి: పొట్టి చేతులా పొడుగు చేతులా, పురుగుల మోత ఉందా, అందరూ దుప్పటి కప్పిన వెచ్చటి బల్ల కింద కాళ్ళు దూర్చి నారింజలు ఒలుస్తున్నారా. మా పాప పాత డైరీలో పన్నెండు నెలలకు పన్నెండు పేజీలు కేటాయించి, చూసిన ప్రతి ఎపిసోడ్‌నీ దాని నెలలో రాస్తోంది. జనవరి, ఆగస్టు నిండిపోయి అట్టలోపలికి కూడా ఎక్కాయి. నవంబర్ కింద ఇప్పటికి రెండే ఉన్నాయి, అందులో ఒకటి నాకు అక్టోబర్ అనే అనుమానం, ఒప్పుకోవట్లేదు.